శ్మశానం పుడ్డింగ్

అక్టోబర్ 31న హాలోవీన్ పార్టీలకు గ్లాసుల్లో పొరలుగా పేర్చే తీపి వంటకం. మూలం అమెరికాలో పిల్లలకు చేసే ‘డర్ట్ కప్’. అడుగున చాక్లెట్ పుడ్డింగ్, పైన నల్లమట్టిలా పొడిచేసిన క్రీమ్ బిస్కెట్లు, అందులోంచి తొంగిచూసే జెల్లీ పురుగులు. నిలబెట్టిన బిస్కెట్టే సమాధి రాయి. ఈ పేరు పెద్దలకు మింగుడుపడకపోవచ్చు గానీ పిల్లలకు సరదా అంతా అందులోనే ఉంది.

హైదరాబాద్ ఉత్తర శివారు దుండిగల్‌లో చేసుకోవాలన్నా సరుకులు కిరాణా కొట్లోనే దొరుకుతాయి. అరలీటరు పాలలో మూడు చెంచాల కార్న్‌ఫ్లోర్, రెండు చెంచాల కోకో, తగినంత పంచదార కలిపి, గరిటెకు పట్టేదాకా ఉడికించాలి. కార్న్‌ఫ్లోర్‌ను ముందే చల్లటి పాలలో కలుపుకోకపోతే ఉండలు కడుతుంది. జెల్లీ పురుగుల్లో చాలావాటికి జంతువుల నుంచి తీసే జెలటిన్ వాడతారు. శాకాహారులు సముద్రపు నాచు నుంచి వచ్చే చైనా గ్రాస్‌తో చేసుకోవచ్చు. పైగా అది గది వేడికి కరగదు. పైన అలంకరణకు రసగుల్లాను పిండి, నల్లద్రాక్ష గుచ్చితే కనుగుడ్డు తయారు. బిస్కెట్ పొడి మాత్రం వడ్డించే ముందే చల్లాలి, లేదంటే మెత్తబడి ముద్దవుతుంది.