సామాజిక, ఆర్థిక స్థాయి – గుండె జబ్బులు

ఆదాయం, చదువు, ఉద్యోగ హోదా తక్కువగా ఉన్నవారికి గుండె జబ్బు ముప్పు ఎక్కువ. ఒకప్పుడు ఇది బాధ్యతల బరువు మోసే పెద్ద ఉద్యోగుల జబ్బని అనుకునేవారు. ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది లండన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం.

బ్రిటిష్ ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసే దాదాపు 18 వేలమంది మగ ఉద్యోగులను అందులో ఏళ్ల తరబడి గమనించారు. అందరివీ నెల జీతాలే, అందరికీ ప్రభుత్వ వైద్యం అందేది. అయినా గుండె జబ్బు మరణాలు పై అధికారుల్లో కంటే బంట్రోతుల్లో, గుమ్మం దగ్గర కాపలా ఉండేవారిలో సుమారు మూడు రెట్లు ఎక్కువ. గుమాస్తాలు ఈ ఇద్దరికీ మధ్యలో ఉన్నారు. అసలు ఆలోచించాల్సింది ఇక్కడే. కటిక పేదరికం లేనిచోట కూడా హోదా ఒక్కో మెట్టు దిగేకొద్దీ ముప్పు పెరిగింది. కింది ఉద్యోగుల్లో పొగ తాగేవారు ఎక్కువే. కానీ పొగ, రక్తపోటు, కొలెస్టరాల్ వంటివన్నీ కలిపి చూసినా ఈ తేడాలో మూడో వంతుకు మించి వాటి లెక్కలోకి రాలేదు.

పరిశోధకుడు మైకేల్ మార్మట్ ఆధ్వర్యంలో 1985లో మొదలైన రెండో వైట్‌హాల్ అధ్యయనంలో 10,308 మంది పాల్గొన్నారు. ఈసారి స్త్రీలనూ చేర్చుకున్నారు. తన పని ఎప్పుడు, ఎలా చేయాలో తాను నిర్ణయించుకునే వీలులేనివారిలో గుండె జబ్బు ఎక్కువగా కనిపించింది.

మన దేశంలో మొదట్లో ఈ జబ్బు పట్నాల్లోని కలిగినవారిలోనే ఎక్కువగా కనిపించేది. ఇప్పుడది పల్లెలకూ చేరింది. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాలను పరిశీలిస్తే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. అంటువ్యాధులది అందులో సగం కూడా లేదు.

జబ్బు వచ్చాక తేడా మరింత కటువుగా ఉంటుంది. దేశంలోని 50 నగరాల ఆసుపత్రుల్లో గుండెపోటు రోగులను గమనించిన క్రియేట్ అధ్యయనం 2008లో వెలువడింది. నెలరోజుల్లోపు చనిపోయినవారు పేదల్లో 8.2 శాతం, ధనికుల్లో 5.5 శాతం. అందిన చికిత్సలోని తేడాను లెక్కలోకి తీసుకుంటే ఈ అంతరం కరిగిపోయింది. అంటే పేదల ప్రాణాలు తీసింది ఒంటి తత్వం కాదు, వైద్యం అందకపోవడం.

రాత్రివేళ ఛాతీలో నొప్పి వస్తే కూలిమనిషి గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటాడు. తెల్లారాక ఊళ్లోని ఆర్‌ఎంపీ వైద్యుడి దగ్గరికి వెళ్తాడు. కానీ గుండెపోటులో రక్తపు గడ్డను కరిగించే మందు తొలి గంటల్లో పడితేనే మేలు; 12 గంటలు దాటితే దానివల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం గుండె ఆపరేషన్లను పేదలకు అందుబాటులోకి తెచ్చింది. అది నిజంగా పెద్ద ఊరట. అయితే దారిలో పోయిన గంటలను ఏ ఆరోగ్యశ్రీ కార్డూ తిరిగి ఇవ్వలేదు. ఈసీజీ తీసే ఏర్పాటు, గడ్డ కరిగించే మందు ఊరికి దగ్గర్లోనే ఉండాలి.