దూరదర్శన ధారావాహికలలో కుటుంబ చిత్రణము

రాబోవు తరములవారు నేటి మన సంసారముల తీరు తెలిసికొనగోరినచో, కథలు, నవలలతోపాటు టెలివిజన్ ధారావాహికలను గూడ పరిశీలింపవలసియుండును. అయితే తెరపై కనబడు ఇల్లు మన ఇంటికి అద్దమని తలచుట పొరపాటు. ఆ ఇంటిని ఎవరు కట్టించిరో, ఎందులకు కట్టించిరో ముందుగా విచారింపవలెను.

1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో టెలివిజన్ ప్రసారములు ప్రయోగాత్మకముగా మొదలైనవి. అప్పటి ఆశయము విద్యాబోధన. 1975-76లో ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు వ్యవసాయము, ఆరోగ్యము, కుటుంబ నియంత్రణము గూర్చిన కార్యక్రమములు ప్రసారమయ్యెను. ఆంధ్రప్రదేశ్ గ్రామములును వానిలో చేరియుండెను. ఊరివారందరు ఒక్క పెట్టె యెదుట గుమిగూడి చూచుచుండిరి.

ఆ బోధనాశయమే 1984 జులై 7న 'హమ్ లోగ్' రూపమున కథగా మారినది. మెక్సికో దేశపు ధారావాహికల పద్ధతిని అనుసరించి దీనిని మనోహర్ శ్యామ్ జోషి రచించిరి. తాత, నాయనమ్మ, త్రాగుబోతు తండ్రి, ఓర్పుగల తల్లి భాగవంతి, ఐదుగురు సంతానము – ఇదియే ఆ కుటుంబము. తొలుత కుటుంబ నియంత్రణోపదేశము మితిమీరుటచే ప్రేక్షకులు పెదవి విరచిరి. ఉపదేశమును తగ్గించి కష్టసుఖములను పెంచిన పిమ్మట దేశమంతయు ఆదరించినది. ఇందొక వింత కలదు. అణగిమణగి యుండుటవలని అనర్థమును చూపుటకై భాగవంతి పాత్రను కల్పింపగా, ప్రేక్షకులలో కొందరు ఆమెనే ఆదర్శగృహిణిగా భావించిరి. రచయిత చెప్పిన నీతి యొకటి, ఇల్లు గ్రహించిన నీతి మరియొకటి!

ఆ దశాబ్దమునందే ఇతర స్త్రీ పాత్రలును వెలువడినవి. 1985లో 'రజని' అను గృహిణి అన్యాయములను నిలదీయుటకై గడప దాటినది. 1989లో 'ఉడాన్' నాయిక పోలీసు అధికారిణి యైనది. నడుమ 1986లో 'బునియాద్' దేశవిభజనచే చెదరిన కుటుంబమును చూపినది.

'హమ్ లోగ్' ప్రసారమునకు వ్యయము భరించినది మాగీ నూడుల్స్ సంస్థ. ఆనాడు వాకిట నిలిచిన వాణిజ్యము, 1990 దశకమున ప్రైవేటు ఛానళ్లు వచ్చినంతనే ఇంటి యజమాని యైనది. 1995లో తెలుగున ఈటీవీ, జెమిని వెలసినవి. 2000 జులైలో హిందీలో మొదలైన 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' 2008 వరకు 1,800కు పైగా భాగములు నడచినది. అద్దె యింటి ఇరుకు, నెలాఖరు ఇబ్బంది పోయి, భవనములు, పట్టుచీరలు, అత్తాకోడళ్ల పోరు వచ్చినవి. ప్రతిదినము సాగవలసిన కథకు ముగింపు పనికిరాదు. ఉమ్మడి కుటుంబములోని కలహమునకు అంతము లేదు. అందుచేతనే ఈ రెండింటికి పొత్తు కుదిరినది.

అట్లని ఆ కాలమంతయు వ్యర్థమనరాదు. 2008లో 'బాలికా వధూ' బాల్యవివాహమును ప్రశ్నించినది. 'చిన్నారి పెళ్లికూతురు' పేర తెలుగువారును దానిని చూచిరి. 2017లో మొదలైన 'కార్తీకదీపం' నల్లని మేనిచాయగల స్త్రీ పడు అవమానములను కథావస్తువుగా గైకొనినది.

బదిలీలపై ఊరూర తిరుగు మనవంటి ఉద్యోగుల ఇండ్లలో నలుగురైదుగురికి మించి యుండరు. తాత, బామ్మలు స్వగ్రామమున నుండగా, పిల్లలు ఉమ్మడి కుటుంబమును తెరపైననే చూచుచున్నారు. నేడు ఆ తెరయు ఎవరి చేతిలో వారికి వేరైనది.

విలువలు నశించినవని పెద్దలు చింతించుట కలదు. భాగవంతివలె మౌనముగా సహించుటయే విలువ యైనచో, మన ఆడపిల్లలు దానిని విడుచుట మేలే. నిజముగా చేజారుచున్నది కలసి చూచి, చూచినదానిని గూర్చి ముచ్చటించుకొను అలవాటు. 'హమ్ లోగ్' ప్రతి భాగము చివర నటుడు అశోక్ కుమార్ తెరపై కనబడి, కథలోని మంచిచెడ్డలను ప్రేక్షకులతో చర్చించెడివారు. ఆ పనిని ఇప్పుడు ప్రతి యింట పెద్దలు చేపట్టవలెను. పిల్లలు చెప్పు మారుమాటను గూడ ఓపికతో వినవలెను.