క్లచ్ మార్చేటప్పుడు ఫ్లైవీల్ ఫేసింగ్

ఫ్లైవీల్ మీద క్లచ్ ప్లేటు ఒరుసుకునే ముఖాన్ని పలుచగా అరగదీసి మళ్లీ చదును చేయడాన్ని ఫేసింగ్ అంటారు. మాన్యువల్ గేర్ల కార్లలో ఫ్లైవీల్‌ను క్రాంక్‌షాఫ్టు చివర బోల్టులతో బిగిస్తారు. దానికీ ప్రెషర్ ప్లేటుకూ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. కొత్త క్లచ్ సెట్టులో సాధారణంగా క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ వస్తాయి. అంటే ప్లేటుకు ఒకవైపు తగిలే ముఖం కొత్తది, రెండోవైపు తగిలేది పాతది. ఆ పాత ముఖాన్ని అలాగే వాడాలా, ఫేసింగ్ కొట్టించాలా, ఫ్లైవీలే మార్చాలా అన్నది గేర్‌బాక్స్ దించి చూశాకే తేలుతుంది.

మామూలు ఫ్లైవీల్‌ను ఎక్కువగా గ్రే కాస్ట్ ఐరన్‌తో పోత పోస్తారు. దీనికి పెద్ద శత్రువు వేడి. ఘాట్ రోడ్డులో బండ్లు ఆగి ఆగి కదిలేటప్పుడు హ్యాండ్‌బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్ మీదే కారును నిలబెడితే ప్లేటు జారుతూ రాపిడికి లోనవుతుంది. ముఖం మీద కొన్ని చోట్ల ఉష్ణోగ్రత 700 డిగ్రీల సెల్సియస్ దాటి వెంటనే చల్లారితే, అక్కడి లోహం మార్టెన్‌సైట్ అనే గట్టి రూపంలోకి మారుతుంది. దాని పరిమాణం కూడా కాస్త పెరుగుతుంది కాబట్టి ఆ మచ్చ చుట్టుపక్కల కంటే ఎత్తుగా నిలుస్తుంది. కొత్త ప్లేటు ముందుగా ఈ మచ్చలకే తగలడంతో ఫస్ట్ గేరులో బండి కదిలేటప్పుడు వణుకు పుడుతుంది.

నీలంగా కనిపించిన ప్రతిదీ ఇలాంటి మచ్చ కాదు. వేడికి పైపైన ఏర్పడిన రంగయితే ఎమెరీ పేపరుతో రుద్దగానే పోతుంది. అసలైన గట్టి మచ్చ నల్లగా మెరుస్తూ అలాగే ఉంటుంది. దాని మీద ఆకురాయి నడిపితే కోత పడదు, జారిపోతుంది. పక్కనే మామూలు లోహం మీద అదే ఆకురాయి పొడి రాలుస్తుంది. పనివాడి చేతికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

తర్వాత కొలతలు. ఉక్కు స్కేలును ముఖం మీద నిలువుగా ఆనించి ఫీలర్ గేజితో సందు చూస్తే పల్లం తెలుస్తుంది. ఫ్లైవీల్ ఊగుతోందా అన్నది డయల్ గేజి చెబుతుంది. అనేక సుజుకి కార్ల మాన్యువళ్లలో దీనికి హద్దు 0.2 మిల్లీమీటర్లు. గేజి పెట్టినప్పుడు క్రాంక్‌షాఫ్టును ఒకవైపుకే నొక్కి ఉంచి తిప్పాలి, లేకపోతే దాని ముందువెనుకల ఆట కూడా లెక్కలో కలిసిపోతుంది. ఫ్లైవీల్ వెనక తుప్పో మురికో ఇరుక్కున్నా గేజి ఊగుతుంది. ఆ తప్పుకు లేత్ పరిష్కారం కాదు.

కొలతలు హద్దులో ఉండి, మచ్చలు, గాడులు లేకపోతే ఎమెరీతో మెరుగు తీసి, బ్రేక్ క్లీనరుతో తుడిచి బిగించవచ్చు. గాడులు పడ్డా, పల్లం తేలినా, గట్టి మచ్చలున్నా ఫేసింగ్ కావాలి. జుట్టంత సన్నటి పగుళ్లు పైపైనే ఉంటే గ్రైండింగులో పోతాయి. పగులు లోతుగా దిగినా, బోల్టు రంధ్రం దాకా పాకినా ఫ్లైవీల్ మార్చక తప్పదు. వేల ఆర్‌పీఎంతో తిరిగే ఇనుము విరిగితే క్లచ్ హౌసింగును చీల్చుకొని బయటికి వస్తుంది. కంపెనీ చెప్పిన కనీస మందం కంటే తగ్గినప్పుడూ ఇదే నిర్ణయం.

ఫేసింగ్ ఎక్కడ, ఎలా చేయించామన్నది చేయించాలా వద్దా అన్నంత ముఖ్యం. లేత్ మీద టూలు గట్టి మచ్చ రాగానే వెనక్కి నెట్టుకుపోయి, దాటాక మళ్లీ కోస్తుంది. మచ్చ గుట్టలా మిగిలిపోతుంది. పైగా టూలు గ్రామఫోన్ రికార్డు మీది గీతలా సుడి గాడిని వదులుతుంది. తిరిగే రాయితో చేసే గ్రైండింగు మెత్తటి లోహాన్నీ గట్టి మచ్చనూ ఒకే మట్టానికి తెస్తుంది. అందుకే బాగున్న ఫ్లైవీల్‌ను అరకొర లేత్ పనికి ఇవ్వడం కంటే ముట్టుకోకుండా వదిలేయడం మేలు.

కొన్ని ఫ్లైవీళ్లలో ప్రెషర్ ప్లేటు బిగించే అంచు, ప్లేటు ఒరుసుకునే ముఖం వేర్వేరు ఎత్తుల్లో ఉంటాయి. ఎంతో మంది పొరపడేది ఇక్కడే. లోపలి ముఖాన్ని మాత్రమే కోస్తే ప్రెషర్ ప్లేటు పట్టు తగ్గి, కొత్త క్లచ్ కూడా జారుతుంది. అంచునూ అంతే మేర తీసి మెట్టు కొలతను కాపాడాలి. రెండూ ఒకే మట్టంలో ఉన్న రకానికి ఈ చిక్కు లేదు. అయితే క్లచ్ మొత్తం తీసిన మేర ఇంజిన్ వైపు జరుగుతుంది కాబట్టి కేబుల్ ఉన్న బండ్లలో పెడల్ ఆటను మళ్లీ సరిచేయాలి.

డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ సంగతి వేరు. లూక్ సంస్థ 1985లో దీని ఉత్పత్తి మొదలుపెట్టింది. చాలా డీజిల్ కార్లలో ఇదే ఉంటుంది. రెండు చక్రాల మధ్య స్ప్రింగులు, గ్రీజు ఉండే ఈ రకానికి తయారీదారులు సాధారణంగా ఫేసింగును అనుమతించరు. ముఖంతోపాటు రెండు చక్రాల మధ్య ఆటను కూడా కొలిచి, హద్దు దాటితే మార్చేస్తారు.

ఫ్లైవీల్ ఊడదీసినప్పుడే వెనకున్న క్రాంక్ ఆయిల్ సీలును కూడా చూడాలి. అక్కడి నుంచి కారే నూనె కొత్త ప్లేటుకు అంటితే, ఎంత చక్కటి ఫేసింగ్ చేయించినా వణుకు తిరిగి మొదలవుతుంది. ఫ్లైవీల్ బోల్టులు ఒకసారికే పనికొచ్చే రకమైతే కొత్తవే వేసి టార్క్ రెంచితో బిగిస్తారు.