కొండలెక్కి నేలను కొలిచినవారు



మీరున్న ఊరు హోసూరు కావచ్చు, బళ్ళారి కావచ్చు, బీదరు పక్క పల్లె కావచ్చు, చాందా ప్రాంతం కావచ్చు, పర్లాకిమిడి కావచ్చు. మీ ఊరికి చేరువలో ఏదో ఒక కొండ ఉండే ఉంటుంది. ఒడిశా సరిహద్దులోని మన వాళ్లకయితే 1,501 మీటర్ల మహేంద్రగిరి ఉండనే ఉంది. శివరాత్రినాడు మూట నెత్తిన పెట్టుకొని, పిల్లల్ని భుజాన వేసుకొని ఆ కొండ ఎక్కేవారు ఎందరో. మన పెద్దలకు కొండ ఎక్కడమంటే మొక్కు తీర్చుకోవడం, లేదా కట్టెలకో తేనెకో వెళ్లడం. ఈనాటి కుర్రవాళ్లు వీపున సంచి తగిలించుకొని, డేరా గుడ్డ చుట్టుకొని, శిఖరం చూసి రావాలన్న ఒక్క కోరికతోనే ఎక్కుతున్నారు. మంచిదే. అయితే ఈ రెండు రకాలవారికీ నడుమ మూడో రకం వారు ఒకరున్నారు. వారు దేవుడి కోసమూ ఎక్కలేదు, వేడుక కోసమూ ఎక్కలేదు, లెక్క కోసం ఎక్కారు. ఈనాడు వారి కథ చెప్పుకుందాం. ఆ కథలో చాలా భాగం మన సరిహద్దు జిల్లాల కొండల మీదనే జరిగింది.

1799లో శ్రీరంగపట్నం పతనమయింది. టిప్పు సుల్తాను రాజ్యం ముక్కలయింది. కుంపిణీవారి చేతికి కొత్త నేల వచ్చింది గాని, దాని పొడవెంతో వెడల్పెంతో వారికి సరిగా తెలియదు. అప్పుడే కాలిన్ మెకంజీ మైసూరు సీమ సర్వేకు బయలుదేరాడు. ఆయన వెంట ఏలూరు వారయిన మన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య నడిచారు. శాసనాలు, కైఫీయతులు పోగుచేయడంలో వారి పాత్ర మీరు వినే ఉంటారు. సరిగ్గా అదే కాలంలో విలియం లాంబ్టన్ అనే మరో సైనికాధికారి వేరొక పని తలపెట్టాడు. నేలను అడుగడుగునా గొలుసుతో కొలవనక్కరలేదు, కొండ కొమ్ముల మీద నిలబడి కోణాలతో కొలవవచ్చునన్నాడు.

అదెలాగంటారా? బడిలో చదువుకున్న లెక్కే. త్రిభుజంలో ఒక భుజం పొడవు, దాని రెండు కొసల కోణాలు తెలిస్తే చాలు, మిగిలిన రెండు భుజాలూ కాగితం మీదనే తేలిపోతాయి. ఆ తేలిన భుజాన్ని పట్టుకొని ఇంకో త్రిభుజం, దాని పక్కన మరొకటి. ఇలా ఒక కొండ నుంచి మరో కొండకు వల అల్లుకుంటూ పోవచ్చు. కాని మొదటి భుజాన్ని మాత్రం నేల మీద, వెంట్రుకవాసి తేడా లేకుండా కొలవాలి.

1802 ఏప్రిల్‌లో మద్రాసు దగ్గర పరంగిమల, అంటే సెయింట్ థామస్ మౌంట్, సమీపంలో ఆ కొలత మొదలయింది. నూరడుగుల ఉక్కు గొలుసు. చైనా చక్రవర్తికి కానుకగా పంపితే ఆయన వద్దన్న గొలుసట అది. చేతులు మారి లాంబ్టన్ దగ్గరికి చేరింది. ఎండకు ఉక్కు సాగుతుంది కదా. అందుకని గొలుసును చెక్కపెట్టెలలో పరిచి, నీడకు డేరాలు వేసి, పక్కన ఉష్ణమాపకాలు ఉంచి, ఏడున్నర మైళ్ల దూరం కొలిచారు. గొలుసును నాలుగు వందల సార్లు పరచవలసి వచ్చింది. యాభైయేడు రోజులు పట్టింది. అదీ ఏప్రిల్, మే నెలల మద్రాసు ఎండలో!

ఇక కోణాలు కొలిచే యంత్రం సంగతి. దాని పేరు థియొడొలైట్. లండనులో తయారయింది. అర టన్ను బరువు. ఓడలో వస్తూ ఉండగా ఫ్రెంచివారు పట్టుకొని మారిషస్‌కు తీసుకుపోయారు. పెట్టె విప్పి చూసి, ఇది ఫిరంగి కాదు, శాస్త్రానికి పనికివచ్చే సాధనం అని తెలుసుకొని మర్యాదగా తిరిగి పంపించారు. శత్రువులయినా శాస్త్రాన్ని గౌరవించారన్న మాట.

శ్రోతలారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మనం పది కిలోల సంచి వీపున వేసుకొని కొండెక్కితేనే నడుమ నాలుగు చోట్ల కూర్చుంటాం. అర టన్ను యంత్రాన్ని వాసాలకు కట్టి, దారి లేని కొండ మీదికి, కుదుపు తగలకుండా మోసినవారెవరు? యంత్రం చేసినవాడి పేరు పుస్తకాలలో ఉంది, దానితో చూసినవాడి పేరు ఉంది. మోసినవాడి పేరు లేదు. వారంతా ఖలాసీలు, బోయీలు, కూలీలు. ముందుగా వెళ్లి కొమ్ము మీది చెట్లు కొట్టి, రాళ్లు పేర్చి తిన్నె కట్టి, జెండా నిలబెట్టి, నీళ్లు లేనిచోట రోజుల తరబడి కాచుకొని ఉన్నది వారే. ఎదుటి కొండ మీద జెండా కనిపిస్తేనే ఈ కొండ మీద కొలత సాగుతుంది. జెండా మనిషి లేకపోతే దొర లేడు.

మద్రాసు నుంచి పడమటి తీరం దాకా కొండ వెంట కొండ ఎక్కుతూ లాంబ్టన్ వల అల్లాడు. అప్పటి దాకా పటాలలో నాలుగు వందల మైళ్లుగా ఉన్న ద్వీపకల్పం వెడల్పు మూడు వందల అరవై మైళ్లేనని తేలింది. లేని నేల నలభై మైళ్లు పటంలో ఉండిపోయిందన్న మాట! తరువాత దక్షిణానికి తిరిగాడు. తంజావూరు డెల్టాలో కొండలు లేవు. అందుకని 1808లో యంత్రాన్ని బృహదీశ్వరాలయ విమానం మీదికి మోకులతో లాగించాడు. మోకు తెగింది. యంత్రం గోడకు కొట్టుకొని, దాని చక్రం వంకర పోయింది. ఇంకొకరయితే చేతులెత్తేసేవారే. లాంబ్టన్ డేరాలో కూర్చొని, ఆరు వారాలపాటు మరలూ చీలలూ సవరిస్తూ చక్రాన్ని మళ్లీ గుండ్రానికి తెచ్చాడు. ఆ యంత్రమే మళ్లీ కొండలెక్కింది. 1811లో గుత్తి దగ్గర, 1815లో బీదరు దగ్గర నేల మీద భుజాలు కొలిచి తన లెక్కలను సరిచూసుకున్నాడు.

1818లో ఈ పనికి గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే అన్న పేరు స్థిరపడింది. ఆ ఏడాది చివర హైదరాబాదులో ఒక యువకుడు లాంబ్టన్‌కు సహాయకుడుగా వచ్చి చేరాడు. పేరు జార్జి ఎవరెస్ట్. నిజానికి ఆయన తన పేరును ఈవ్‌రెస్ట్ అని పలికేవాడు. లోకం దాన్ని ఎవరెస్ట్ చేసింది.

1819లో ఆయనను కృష్ణా గోదావరుల నడుమ ఉన్న అడవులకు పంపించారు. వేసవిలో దుమ్మూ మసకా కమ్మి దూరపు కొండ కనబడదు. వానలు పడితే గాలి కడిగినట్టు తేటపడి, దుర్భిణిలో అరవై మైళ్ల అవతలి కొమ్ము కూడా కనిపిస్తుంది. కాబట్టి సర్వేకు వానకాలమే మంచి కాలం. కాని వానకాలపు అడవి ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? మన్యం సరిహద్దుల్లో ఉన్నవారికి ఆ సంగతి తెలుసు. వాగులు పొంగుతాయి, జలగలు పడతాయి, ఆ పైన మన్యం జ్వరం. యెల్లాపురం అడవుల్లో ఆ జ్వరం వారిని చుట్టుముట్టింది. ఎవరెస్ట్ పడిపోయాడు. ఆయన వెంట ఉన్న వైద్యుడు హెన్రీ వాయిసీ పడిపోయాడు. దాదాపు నూట యాభై మంది పరివారంలో ఎక్కువమంది పడిపోయారు. హైదరాబాదు నుంచి ఏనుగులనూ పల్లకీలనూ బండ్లనూ పంపి వారిని వెనక్కి తెప్పించారు. పదిహేను మంది ప్రాణాలు పోయాయి. తేరుకోవడానికి ఎవరెస్ట్ ఆఫ్రికా దక్షిణ కొసకు, కేప్ పట్టణానికి వెళ్లవలసి వచ్చింది. ఆ పదిహేను మంది పేర్లేమిటో, వారి ఆలుబిడ్డలు ఏమయారో చరిత్ర రాసినవారు చెప్పలేదు.

ఆ రోజుల్లో ఈ జ్వరం చెడు గాలి వల్ల, కుళ్లిన ఆకుల ఆవిరి వల్ల వస్తుందనుకునేవారు. దోమ కాటు వల్ల వస్తుందన్న సంగతి తేలడానికి ఇంకో డెబ్బై ఎనిమిదేళ్లు పట్టింది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఎక్కడో తెలుసా? సికింద్రాబాదులో. జ్వరంతో పల్లకీలు ఏ హైదరాబాదు దారి పట్టాయో, ఆ జంట నగరంలోనే దాని గుట్టు బయటపడింది.

లాంబ్టన్ మాత్రం పని ఆపలేదు. డెబ్బై ఏళ్ల వయసులో, దగ్గుతో డస్సిపోయి కూడా హైదరాబాదు నుంచి నాగపురానికి ప్రయాణమయాడు. 1823 జనవరి 20న దారిలోనే, హింగన్‌ఘాట్‌లో, కన్నుమూశాడు. వార్ధా జిల్లాలోని ఆ ఊళ్లోనే ఆయన సమాధి ఉంది. మహారాష్ట్రలోని మన శ్రోతలు అటు వెళ్లినప్పుడు చూడవచ్చు.

తరువాత ఎవరెస్ట్ పగ్గాలు పట్టాడు. పాతబడిన యంత్రాలను బాగుచేయడానికి ఆయనకు దొరికిన మనిషి ఆర్కాటువాడు, సయ్యద్ మొహసిన్. పెద్ద చదువులు చదివినవాడు కాదు, చేతిలో పనితనం ఉన్నవాడు. ఇంగ్లండునుంచి నిపుణులు రావాలన్న చోట మన ఆర్కాటు మనిషి నిలబడ్డాడు. 1841 నాటికి కన్యాకుమారి నుంచి హిమాలయ పాదాల దాకా, సుమారు 2,400 కిలోమీటర్ల మహా చాపం పూర్తయింది.

ఆ చాపం ఆధారంగానే హిమాలయ శిఖరాలను దూరం నుంచి కొలిచారు. పదిహేనో నంబరు శిఖరం అన్నిటికన్న ఎత్తని లెక్క తేల్చడంలో బెంగాలీ గణకుడు రాధానాథ్ సిక్‌దార్ ముఖ్యుడు. 1856లో దాని ఎత్తు 29,002 అడుగులని ప్రకటించారు. 1865లో దానికి ఎవరెస్ట్ పేరు స్థిరపడింది. ఆ పెద్దమనిషి ఆ శిఖరాన్ని ఏనాడూ కళ్లారా చూడలేదు. 2020లో నేపాలు, చైనా కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. మంచులో కాలు పెట్టకుండా, మైదానంలో నిలబడి కొలిచిన పాత లెక్కకూ దీనికీ తేడా సుమారు తొమ్మిది మీటర్లే!

ఇంకొక్క మాట. 1860లో హిమాలయాల్లో స్పితి ప్రాంతాన, శిలా అనే శిఖరం మీదికి ఒక ఖలాసీ సర్వే కొయ్యను మోసుకొని వెళ్లి పాతాడని సర్వే చరిత్రలో ఉంది. అది ఇరవై వేల అడుగులకు పైబడిన ఎత్తు. ఆ రోజుల్లో అంత ఎత్తుకు వెళ్లిన మనుషులు లోకంలోనే వేళ్ల మీద లెక్కించదగినంతమంది. అయినా అతని పేరూ దక్కలేదు.

కాలం మారిందనడానికి ఒక నిదర్శనం చెప్పి ముగిస్తాను. 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్ట్ శిఖరం ఎక్కింది. వెంట ఉన్న బాలుడు సాధనపల్లి ఆనందకుమార్. అతనిది గోదావరి అడవుల అప్పటి ఖమ్మం జిల్లా. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. వారు తొలి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి బండ మీద. ఒకనాడు దొరల యంత్రాలు మోసి పేరు లేకుండా పోయినవారు ఎలాంటి ఇళ్లవారో, అలాంటి ఇళ్ల పిల్లలే ఆ దొర పేరున్న శిఖరం మీద నిలబడ్డారు. ఈసారి వారి పేర్లు రాసి పెట్టారు. మనకు గర్వకారణం ఎక్కడమొక్కటే కాదు, పేరు నిలవడం కూడా.

కాబట్టి శ్రోతలారా, మీ పిల్లలు కొండెక్కుతామంటే వద్దనకండి. దోమతెర, తాగే నీరు, దారి తెలిసిన స్థానికుడు, ఈ మూడూ లేకుండా మాత్రం పంపకండి. శిఖరం మీద బండకు చెక్కిన ఒక వలయం, దాని నడుమ చుక్క కనిపిస్తే, అది సర్వేవారి గుర్తు కావచ్చు. దాన్ని చెరపవద్దనీ, పేర్చిన రాళ్లు దొర్లించవద్దనీ చెప్పండి. అక్కడి దాకా మిమ్మల్ని తీసుకువెళ్లినవాడి పేరు అడిగి, ఇంటికి వచ్చాక నాలుగు మాటలు రాసి పెట్టుకొమ్మనండి. రెండు వందల ఏళ్ల కిందట ఎవరూ చేయని పని అది. మనం చేయవచ్చు.