జెమినిడ్స్ ఉల్కాపాతం: తెల్లవారుజామున మొబైల్‌తో ఫొటో తీయొచ్చా? ఈ సెట్టింగ్స్ తెలుసుకోండి

ఏటా డిసెంబర్ రెండో వారం రాగానే సోషల్ మీడియాలో ఒకే తరహా ఫొటోలు చక్కర్లు కొడతాయి. ఆకాశం నిండా వర్షంలా రాలుతున్న చుక్కలు! అది చూసి నిద్ర మానుకుని మేడ ఎక్కితే, పావుగంటైనా ఒక్కటీ కనిపించదు. మరి ఆ ఫొటోలు ఫేకా? కాదు. వాటి వెనుక వేరే లెక్క ఉంది.

అసలేంటీ జెమినిడ్స్?
డిసెంబర్ 13-14 తేదీల్లో పీక్‌కు చేరే ఉల్కాపాతం ఇది. చాలా ఉల్కాపాతాలకు తోకచుక్కలు కారణం. దీనికి మాత్రం 1983లో కనుగొన్న 3200 ఫేథాన్ అనే గ్రహశకలం మూలం. అది వదిలిన ధూళి సెకనుకు సుమారు 35 కిలోమీటర్ల వేగంతో మన వాతావరణంలోకి దూసుకొచ్చి మండిపోతుంది. మనం ‘చుక్క రాలింది’ అనేది దీన్నే.

ఎప్పుడు, ఎక్కడ?
రాత్రి 2 గంటల ప్రాంతంలో మిథున రాశి దాదాపు నడినెత్తికి వస్తుంది. అప్పటి నుంచి తెల్లవారే వరకు మంచి టైమ్. గంటకు 120 వరకు అనే లెక్క చంద్రుడు లేని, పూర్తి చీకటి ఆకాశానిదే. సిటీ లైట్లలో కనిపించేవి చాలా తక్కువ. ఈ లైట్ల సమస్య కొత్తదేం కాదు. హైదరాబాద్ బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ ఉన్నా, నగరం పెరగడంతో 1960ల్లోనే ఉస్మానియా యూనివర్సిటీ 48 అంగుళాల టెలిస్కోప్‌ను ఊరవతల జపాల్-రంగాపూర్‌లో పెట్టింది.

మొబైల్ సెట్టింగ్స్ ఇవే
* ఫోన్‌ను ట్రైపాడ్ మీద పెట్టాలి. చేత్తో పట్టుకుంటే ఫొటో అలికినట్టు వస్తుంది.
* ప్రో మోడ్‌లో ఐఎస్‌వో 1600 నుంచి 3200, షట్టర్ 15 నుంచి 30 సెకన్లు, ఫోకస్ ఇన్ఫినిటీ.
* ఫోన్ కదలకుండా 3 సెకన్ల టైమర్ పెట్టాలి. ఫ్లాష్ ఆఫ్.
* మంచుకు లెన్స్ మసకబారుతుంది. మెత్తటి గుడ్డ దగ్గరుంచుకోవాలి.

వైరల్ ఫొటోల సీక్రెట్
ఒకే చోట కెమెరా పెట్టి గంటల తరబడి వందల ఫొటోలు తీస్తారు. ఉల్కలు పడ్డవాటిని ఏరి, ఒకే ఫ్రేమ్‌లో కలుపుతారు. అంటే అది రాత్రంతా పడ్డ కష్టం, ఒక్క క్షణం కాదు. మీకు ఒక్క గీత పడినా అది సక్సెస్ కిందే లెక్క.

చివరగా ఒక్క మాట. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో వాట్సాప్ చూశారా, మళ్లీ మొదటికే! ఫొటోల పని ట్రైపాడ్ మీదున్న ఫోన్‌కు వదిలేసి, మీరు చాప వేసుకుని వెల్లకిలా పడుకుని చూడండి.