గోల్‌పోస్ట్ మార్చమని అడిగిన డిఫెండర్

ఫుట్‌బాల్ వీడియోలు చూసేవాళ్లకి ఒక పాత క్లిప్ ఎప్పుడో ఒకసారి తగిలే ఉంటుంది. పెనాల్టీ షూటౌట్ మధ్యలో జపాన్ కెప్టెన్ వెళ్లి రిఫరీతో ఏదో మాట్లాడతాడు. కాసేపటికి అందరూ గ్రౌండ్ అవతలి గోల్ వైపు నడుస్తారు. ఆ కెప్టెన్ పేరు త్సునెయాసు మియామోటో. మనలో చాలామందికి నకాటా, నకమురా తెలుసు, ఇతను తెలీదు. డిఫెండర్ కదా మరి! గోల్ కొట్టినోడికి హైలైట్స్, ఆపినోడికి ఏముంటుంది?

మొదట ఇతను ఫేమస్ అయింది ఒక మాస్క్ వల్ల. 2002 వరల్డ్ కప్ జపాన్, కొరియాల్లో జరిగింది. దానికి కొద్దిగా ముందే ప్రాక్టీస్ మ్యాచ్‌లో ముక్కు విరిగింది. బెల్జియంతో మ్యాచ్‌లో మొరియోకా గాయపడితే ఇతను నల్ల మాస్క్‌తో దిగాడు. అంతే, జనం ‘బ్యాట్‌మన్’ అనేశారు. స్టాండ్స్‌లో ఫ్యాన్స్ కూడా మాస్కులు కట్టారు.

కానీ అసలు కథ 2004 జులై 31న. ఆసియా కప్ క్వార్టర్ ఫైనల్, జపాన్ వర్సెస్ జోర్డాన్, చైనాలోని చోంగ్‌చింగ్‌లో. ఈ ఊరి గురించి ఒక మాట చెప్పాలి. 1938 నుంచి 1943 దాకా జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి, వేల మంది చనిపోయారు. ఆ కోపం 60 ఏళ్ల తర్వాత కూడా పోలేదు. జపాన్ జాతీయ గీతం వస్తుంటే స్టేడియం మొత్తం అరుపులు. అంటే ఆ రోజు జపాన్ టీమ్‌కి గ్యాలరీలో సపోర్ట్ దాదాపు లేదు.

మ్యాచ్ 1-1. షూటౌట్‌లో నకమురా, తర్వాత అలెక్స్ శాంటోస్, ఇద్దరూ కాలు జారి మిస్ చేశారు. ఇద్దరూ ఎడమ కాలి ఆటగాళ్లే. తన్నేటప్పుడు ఆనించిన కాలి కింద నేల లేచిపోతోంది. మనమైతే ఏమంటాం? ‘వీళ్లకి ప్రెజర్ తట్టుకోవడం రాదు’ అంటాం. మియామోటో మాత్రం మనుషుల్ని వదిలేసి నేలని చూశాడు. అరవలేదు, చేతులు ఊపలేదు. ఇంగ్లీష్‌లో రిఫరీకి నెమ్మదిగా చెప్పాడు: ఇక్కడ నేల బాలేదు, అటు గోల్‌కి మారుద్దాం అని. రిఫరీ ఒప్పుకున్నాడు!

తర్వాత గోల్‌కీపర్ కవగుచి అదరగొట్టాడు. మియామోటో కూడా తన పెనాల్టీ కొట్టాడు. జపాన్ 4-3తో గెలిచింది. ఆగస్టు 7న బీజింగ్‌లో చైనాని 3-1తో ఓడించి కప్ కూడా ఎత్తింది.

ఇది ఫెయిరా? జోర్డాన్ ఫ్యాన్స్‌కి బాధ ఉండడం న్యాయమే, అదే నేల మీద వాళ్లు గోల్ కొట్టారు మరి. కానీ మారాక రెండు టీమ్‌లూ ఒకే చోట తన్నాయి. అడగడం కెప్టెన్ పని, తేల్చడం రిఫరీ పని. ఇప్పటి రూల్స్‌లో భద్రత సమస్య ఉంటేనో, గోల్ గానీ గ్రౌండ్ గానీ పనికిరాకుండా పోతేనో తప్ప మార్చరు.

ఇతని ఎత్తు 176 సెంటీమీటర్లే, సెంటర్ బ్యాక్‌కి తక్కువ. గాంబా ఒసాకాకి ఆడుతూనే దోషిషా యూనివర్సిటీలో డిగ్రీ చేశాడు. రిటైరయ్యాక ఫిఫా మాస్టర్ కోర్స్ చదివాడు. 2024లో జపాన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ప్రెసిడెంట్ అయ్యాడు.

క్లిప్‌లో మనం చూసేది కొన్ని సెకన్లే. ఓడిపోతున్నప్పుడు కూడా తిట్టుకోకుండా, సమస్య ఎక్కడుందో చూసి, సరైన మనిషిని మర్యాదగా అడగడం, అదీ అందులో ఉన్న ఆట.