విండోస్ అయితే ఒకలా.. లైనక్స్ అయితే ఇంకోలా! ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేర్ ఎందుకిలా చేస్తుందో తెలుసా?

ల్యాప్‌టాప్ అదే.. బ్యాటరీ అదే. విండోస్ ఉన్నన్నాళ్లూ బాగానే పనిచేసింది. లైనక్స్ వేయగానే సౌండ్ రాదు. లేదంటే రాత్రి మూత వేసి బ్యాగులో పెట్టిన ల్యాప్‌టాప్, పొద్దున తీసేసరికి చార్జింగ్ మొత్తం అయిపోయి ఉంటుంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ ముగిసింది. దీంతో పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసుకుందామని చూసేవాళ్లకి ఇలాంటి చిక్కులు ఎదురవుతుంటాయి. మదర్‌బోర్డ్ పోయిందేమో అని కొందరు, లైనక్సే పనికిరాదని ఇంకొందరు అనుకుంటారు. నిజానికి కొన్నిసార్లు తేడా ఈ రెండింటిలోనూ ఉండదు. మధ్యలో ఉన్న ఫర్మ్‌వేర్‌లో ఉంటుంది.

'నువ్వెవరు?' అని అడిగే ప్రోగ్రామ్

పవర్ బటన్ నొక్కగానే ముందుగా నిద్రలేచేది విండోస్ కాదు. మదర్‌బోర్డ్ మీద చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్. దాన్నే మనం బయోస్ అంటాం, ఇప్పుడొచ్చే వాటిని యూఈఎఫ్ఐ అంటారు. బ్యాటరీ, ఫ్యాన్, మూత, స్లీప్.. వీటిని ఎలా నడపాలో చెప్పే చిన్న చిన్న ప్రోగ్రామ్‌లను ఇది ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి ఇస్తుంది. ఈ పద్ధతి పేరు ఏసీపీఐ. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996 డిసెంబర్‌లో దీన్ని తెచ్చాయి.

ఆ ప్రోగ్రామ్‌లలో ఓఎస్ఐ అనే ప్రశ్న ఒకటి ఉంటుంది. 'నీకు విండోస్ 2015 తెలుసా?' అన్నట్టుగా అడుగుతుంది. ఇక్కడ 2009 అంటే విండోస్ 7, 2012 అంటే విండోస్ 8, 2015 అంటే విండోస్ 10 అని లెక్క. 'తెలుసు' అనే జవాబు వస్తే ఫర్మ్‌వేర్ ఒక దారిలో వెళ్తుంది, 'తెలియదు' అంటే ఇంకో దారి పడుతుంది.

అసలు ట్విస్ట్ ఇక్కడే ఉంది. లైనక్స్ కూడా ఈ ప్రశ్నకు 'తెలుసు' అనే చెబుతుంది! కారణం సింపుల్. కంపెనీలు ఎక్కువగా టెస్ట్ చేసేది విండోస్ దారినే. రెండో దారిలో ఏ గుంతలున్నాయో ఒక్కోసారి తయారుచేసిన వాళ్లకే తెలియదు. అందుకే 'నువ్వు లైనక్సా?' అని ఫర్మ్‌వేర్ నేరుగా అడిగినా, 2007లో వచ్చిన 2.6.23 వెర్షన్ నుంచి లైనక్స్ మామూలుగా 'కాదు' అనే అంటోంది. అబద్ధమే.. కానీ పని జరగాలంటే అదే దారి.

ఇంకో విషయం. ఏసీపీఐ కోసం తమ కంపెనీ పడ్డ కష్టంతో లైనక్స్ కూడా ఉచితంగా బాగుపడటం ఏంటని బిల్ గేట్స్ 1999 జనవరిలో తన టీమ్‌కు ఓ మెయిల్ రాశారు. ఆ తర్వాత అమెరికాలోని అయోవాలో నడిచిన ఓ కోర్టు కేసులో అది బయటపడింది. మెయిల్ ఉంది కాబట్టి అన్ని తేడాలూ కావాలని చేసినవే అనుకోవద్దు. చాలావరకు టెస్టింగ్ లోపాలే.

పేరు చూసి గేటు తీసిన కంప్యూటర్

2012లో లెనోవో థింక్‌సెంటర్ ఎం92పీలో దొరికిన బగ్ అయితే నవ్వు తెప్పిస్తుంది. బూట్ లిస్టులో 'విండోస్ బూట్ మేనేజర్' లేదా 'రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్' అనే పేరు ఉంటేనే అది ఆన్ అయ్యేది. ఫెడోరా అని ఉంటే అంతే సంగతులు.

డెల్ 2015 ఎక్స్‌పీఎస్ 13ది మరో కథ. ఏసీపీఐ వెర్షన్ ఎంత అని ఫర్మ్‌వేర్ అడిగితే విండోస్ 2 అనేది, లైనక్స్ 5 అనేది. 5 అని వినగానే ఇది లైనక్స్ అని తెలుసుకుని, సౌండ్ చిప్‌ను పాత పద్ధతిలోకి మార్చేది. మంచికే చేశారు, ఎందుకంటే కొత్త పద్ధతికి లైనక్స్ అప్పటికి రెడీగా లేదు. అయితే ఇలా గుర్తుపట్టడం ఆపాలని లైనక్స్ కూడా అందరికీ 2 అనే చెప్పడం మొదలుపెట్టింది. దాంతో ఈ మోడల్‌కు సౌండ్ సమస్య వచ్చి, దీనికోసం ప్రత్యేకంగా మినహాయింపు పెట్టాల్సి వచ్చింది.

యాపిల్ సంగతీ ఇంతే. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ఇంటెల్ మ్యాక్‌బుక్ ప్రోలలో, వచ్చింది మ్యాక్ ఓఎస్ కాదని తెలిస్తే ఫర్మ్‌వేర్ అందులో ఒక చిప్‌ను ఆపేస్తుంది. అది బ్యాటరీ తక్కువ తాగే చిప్!

బ్యాగులో వేడెక్కే ల్యాప్‌టాప్

ఎక్కువమందికి తగిలే తేడా స్లీప్ దగ్గర. పాత పద్ధతి ఎస్3. ఇందులో దాదాపు అన్నీ ఆగిపోతాయి, ర్యామ్‌కు మాత్రం కరెంట్ అందుతుంది. కొత్తది మోడ్రన్ స్టాండ్‌బై. ఫోన్‌లా స్క్రీన్ ఆపి లోపల కొద్దిగా మెలకువగా ఉంటుంది. ఇది సరిగ్గా నడవాలంటే చిప్‌లు, డ్రైవర్లు అన్నీ ఒకేసారి కునుకు తీయాలి. ఒక్కటి మేల్కొని ఉన్నా బ్యాటరీ కరిగిపోతుంది. విండోస్‌లోనూ ఈ కంప్లైంట్లు వస్తుంటాయి.

2018లో వచ్చిన థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ ఆరో జనరేషన్‌లో మొదట ఎస్3 ఇవ్వలేదు. లైనక్స్ యూజర్లు గోల పెట్టాక, అదే ఏడాది లెనోవో బయోస్ అప్‌డేట్ ఇచ్చింది. 'స్లీప్ స్టేట్' కింద విండోస్ 10, లైనక్స్ అని రెండు ఆప్షన్లు పెట్టింది. లైనక్స్ ఎంచుకుంటే పాత ఎస్3 వస్తుంది.

మరి మీరేం చేయాలి?

మీ ల్యాప్‌టాప్‌లో ఏ స్లీప్ ఉందో విండోస్‌లోనే తెలుసుకోవచ్చు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిష్‌లో పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్, ఏ టైప్ చేస్తే లిస్ట్ వస్తుంది. లైనక్స్ వేశాక సమస్య వస్తే ముందు బయోస్ అప్‌డేట్ ఉందేమో చూడండి. తర్వాత బయోస్‌లో స్లీప్ స్టేట్ లాంటి ఆప్షన్లు వెతకండి. అన్ని మోడళ్లలో ఇవి ఉండవు. అప్పుడు ఓఎస్ఐ ప్రశ్నకు ఏ జవాబివ్వాలో లైనక్స్ బూట్ సెట్టింగ్‌లో మనమే చెప్పొచ్చు. అది కాస్త అనుభవం ఉన్నవాళ్ల పని.

విండోస్ వాడుతూనే స్లీప్ ఆప్షన్ మార్చేద్దామనుకుంటే మాత్రం ఆగండి. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయకుండా అలా మార్చడాన్ని సపోర్ట్ చేయబోమని మైక్రోసాఫ్టే చెబుతోంది. 'ఓఎస్ టైప్: అదర్ ఓఎస్' అనే ఆప్షన్‌తోనూ జాగ్రత్త. కొన్ని మదర్‌బోర్డుల్లో అది సెక్యూర్ బూట్‌ను ఆఫ్ చేసే స్విచ్. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, తర్వాత విండోస్ తెరిచేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. కీ లేకపోతే అందులోని ఫొటోలు, ఫైళ్లు తెరవడం కుదరదు. చాలామందికి ఆ కీ తమ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే సేవ్ అయి ఉంటుంది. బయోస్‌లోకి వెళ్లే ముందే దాన్ని చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి.